మా నాన్న బండి చైను



ఈ నెల గోడపత్రికకి రాస్తానని పేరైతే ఇచ్చాను గాని, ఏం రాయాలో మూడు రోజులు తోచలేదు. కథ రాద్దామంటే నాకు కథలు రావు. కవిత రాద్దామంటే 9వ తరగతి వాళ్ళు ఇప్పటికే ఆరు కవితలు అంటించేశారు, ఆరూ అమ్మ మీదే. ఆదివారం సాయంత్రం గేటు దగ్గర కూర్చొని ఆలోచిస్తుంటే దూరం నుంచి "కిర్రు... కిర్రు..." అని వినపడింది. మన వార్డెన్ సారు బండి అది. ఆ చప్పుడు వినగానే స్టడీ అవర్లో కబుర్లు చెప్పుకునేవాళ్ళంతా పుస్తకాలు తెరుస్తారన్న సంగతి సారుకి తెలుసో లేదో నాకు తెలియదు. అప్పుడే అనుకున్నాను, నాకు తెలిసిన విషయం ఒకటుంది, మోటారుసైకిలు చైను గురించి రాద్దామని. దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా రాయాలి. అది రాయకుండా ఇది రాస్తే అబద్ధం చెప్పినట్టే అవుతుంది.

మన హాస్టల్లో ఎక్కువమంది బుట్టాయగూడెం, పోలవరం వైపు కొండల్లోంచి వచ్చినవాళ్ళు. నేను పల్లం నుంచి వచ్చాను. మా ఊరు కొల్లేటి పక్కన, నిడమర్రు వైపు. మీకు కొండ ఎలాగో మాకు కొల్లేరు అలాగ. చుట్టూ చేపల చెరువులు, చెరువుకీ చెరువుకీ మధ్య గట్లు, ఆ గట్ల మీదే మా దారులు. నల్లరేగడి మట్టి. వానొస్తే బంకలాగ పట్టుకుంటుంది, ఎండితే పిండిలాగ లేస్తుంది. రెండూ బండి చైనుకి శత్రువులే.

మా తాత చెరువు కాపలా ఉండేవాడు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ అభయారణ్యం లోపలున్న చెరువుల గట్లు గవర్నమెంటు వాళ్ళు తవ్వేశారు. దాన్నే ఆపరేషన్ కొల్లేరు అంటారు. సరస్సుకి అది మంచిదే అని సోషల్ సారు చెప్పారు, నిజమే. కాని మా తాతకి ఆ కాపలా పని పోయింది. నాన్న అప్పుడు పెళ్ళికాని కుర్రాడు. కొన్నాళ్ళు కూలికి వెళ్ళి, తరవాత సైకిలు మీద చేపలమ్మడం మొదలుపెట్టాడు. సైకిలు పోయి సెకండ్ హ్యాండు స్ప్లెండర్ వచ్చింది. ఇప్పటికీ అదే బండి. తెల్లారగట్ల మూడింటికి లేచి, చెరువు దగ్గర బొచ్చెలు, శీలావతులు అరువుకి తీసుకొని, వెనక సీటు మీద ట్రేలలో ఐసు వేసి కట్టుకొని, గణపవరం, పిప్పర మీదుగా తాడేపల్లిగూడెం వెళతాడు. వీధుల్లో తిరిగి అమ్మి, మధ్యాహ్నానికి వచ్చి చెరువు వాళ్ళకి డబ్బు కడతాడు. మిగిలిందే మాకు. కాబట్టి మా ఇంటిల్లిపాదీ ఆ బండి మీద బతుకుతున్నాం, ఆ బండి చైను మీద నడుస్తుంది.

ఇప్పుడు చైను సంగతి చెబుతాను. ఇంజను తిరిగితే చక్రం తిరగాలి కదా, ఆ రెండింటినీ కలిపేదే చైను. ముందు ఒక చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి ఒక పెద్ద స్ప్రాకెట్, అంటే పళ్ళచక్రాలు. మా బండి చైనుకి నూటికి అటూ ఇటూగా లింకులుంటాయి. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని మీద ఒక బుష్షు, దాని మీద గుండ్రంగా తిరిగే రోలరు. ఈ రకం చైనుని 1880లో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరులో తయారుచేశాడు. ఆయన స్విట్జర్లాండు దేశస్థుడు. దాదాపు నూట యాభై ఏళ్ళయినా సైకిలుకీ మోటారుసైకిలుకీ ఇంకా అదే పద్ధతి.

చైను సాగిపోయింది అని మనం అంటాం. నేనూ ఇనుము రబ్బరులాగ సాగుతుందనే అనుకునేవాణ్ణి. అది కాదు. పిన్నుకీ బుష్షుకీ మధ్య నూనె లేకపోతే, మట్టి దూరితే, రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు అరిగిందనుకోండి. అది కంటికి కనపడదు. కాని నూరు కీళ్ళకి లెక్కెయ్యండి, 10 మిల్లీమీటర్లు. అంటే ఒక సెంటీమీటరు. లెక్కల సారు ఎప్పుడూ అనే మాట, చిన్న తప్పుని నూరుతో గుణిస్తే పెద్ద తప్పవుతుందని, ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కాబట్టి నూనె పైపైన మెరిస్తే చాలదు, కీళ్ళ లోపలికి వెళ్ళాలి.

మా బండికి ఇంకో కష్టముంది. ఐసు కరిగిన నీళ్ళూ చేపల నీచునీళ్ళూ రోజంతా చుక్కలు చుక్కలుగా చైను మీద పడుతుంటాయి. చైను కవరు కింది సగం ఎప్పుడో విరిగిపోతే నాన్న తీసేశాడు, పై సగమే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, కొల్లేరు నిండి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళొచ్చినప్పుడు మా వైపు గట్లన్నీ మునిగాయి. బండి రెండు రోజులు నీళ్ళలో ఉంది. ఆ దెబ్బకి చైను తుప్పుపట్టి కొయ్యలాగ బిగుసుకుపోయింది. దసరాకి నాన్న అప్పు చేసి, గూడెంలో ఒక కొట్లో కొత్త చైను సెట్టు కొని వేయించాడు. సెట్టు అంటే చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి. పళ్ళు అరిగి కొక్కేల్లాగ వంగిన స్ప్రాకెట్ల మీద కొత్త చైను వేస్తే కొత్తది కూడా తొందరగా పోతుంది. అందుకే మూడూ కలిపి మారుస్తారు.

2025 సంక్రాంతి సెలవులకి నేను ఇంటికి వెళ్ళాను. నాన్న నాతో, "ఒరే అబ్బాయ్, చైను అరుస్తోంది. కాస్త కడిగి నూనె పెట్టు. ఎల్లుండి కనుమ, పెద్ద లోడు ఎత్తుతున్నా" అన్నాడు. మా వైపు కనుమ నాడు నీచుకూర వండని ఇల్లుండదు. నాన్నకి ఏడాదిలో అదే పెద్ద బేరం.

మా వీధి చివర మెకానిక్ బాబాయి షెడ్డుంది. చిన్నప్పటినుంచీ అక్కడ కూర్చొని చూసినవాణ్ణే, నాకన్నీ తెలుసనుకున్నాను. ఇప్పుడు రేషన్లో కిరసనాయిలు రావడం లేదు కాబట్టి బాబాయి దగ్గరే అర లీటరు అడిగి తెచ్చుకున్నాను. "నేను రానా?" అన్నాడు బాబాయి. "అక్కర్లేదు బాబాయ్, నాకు వచ్చు" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

చైనుని బండి మీదే ఉంచి కడగొచ్చు. నేను మాత్రం గొప్పకి పోయి లాకు తీసి, చైను మొత్తం ఊడదీసి, బేసిన్లో కిరసనాయిలు పోసి నానబెట్టాను. పాత పళ్ళబ్రష్షుతో తోమాను. రేగడి, తుప్పు, చేప పొలుసులు కూడా ఊడొచ్చాయి. గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ స్ప్రాకెట్ల మీద ఎక్కించాను. ఇంతవరకూ బాగానే ఉంది.

చైను రెండు కొసల్నీ కలిపేది లాకు. అందులో ఒక సన్నని స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. దాని ఆకారం అచ్చంగా చేపలాగే ఉంటుంది. ఒకవైపు మూసుకొని గుండ్రంగా, అది తల. రెండోవైపు చీలి ఉంటుంది, అది తోక. చేప ఎటు ఈదుతుందో తల అటే ఉండాలి, అంటే చైను వెళ్ళే వైపుకి తల పెట్టాలి. అలా పెడితే దేనికైనా తగిలినా మూసిన తలే తగులుతుంది కాబట్టి క్లిప్పు ఊడదు. తోక ముందుకుంటే తగిలినప్పుడు చీలిక తెరుచుకొని క్లిప్పు ఎగిరిపోవచ్చు. ఈ సంగతి బాబాయి ఎవరికో చెబుతుండగా విన్నాను. సగం విన్నాను.

బండి ముందుకి వెళుతుంది కదా అని నేను చేప తలని బండి ముందు వైపుకి పెట్టాను. అయితే నేను లాకు వేసింది చైను కింది వరసలో. చైను పై వరస ముందుకి వెళ్ళి, ఇంజను దగ్గర తిరిగి, కింది వరసలో వెనక్కి వస్తుంది. కింది వరసలో తల వెనక చక్రం వైపుకి ఉండాలి. నేను తిరగేసి పెట్టాను. చైను బిగువు కూడా చూడలేదు, వదులుగానే వదిలేశాను. పైపైన పాత ఇంజను ఆయిలు పోసి, తళతళ మెరుస్తుంటే నాన్నకి చూపించాను. నాన్న సంతోషించి, "చదువుకున్నోడి పని వేరు" అని అమ్మతో అన్నాడు.

కనుమ నాడు తెల్లారగట్ల నాన్న అరవై కిలోలు వేసుకొని బయలుదేరాడు. పిప్పర దాటాక ఏదో టప్పుమంది, చైను ఊడి వెనక స్ప్రాకెట్టుకి చుట్టుకుంది. చక్రం పట్టేసి బండి పక్కకి పడిపోయింది. ట్రేలు రోడ్డు మీద పడ్డాయి. దేవుడి దయ వల్ల వెనకనుంచి లారీ ఏదీ రాలేదు. నాన్న కుడి మణికట్టు బెణికింది, మోకాలు చెక్కుకుపోయింది. దారిన పోయేవాళ్ళు ఆగి చేపలు ఏరిపెట్టారు. గూడెం చేరేసరికి ఐసు కరిగిపోయి, బేరం వేళ దాటిపోయింది. సగం ధరకి కూడా కొన్ని మిగిలిపోయాయి. నాలుగు వేల చిల్లర అప్పు తేలింది.

దానికన్నా పెద్దది ఇంకొకటి జరిగింది. నాన్న ఆ చిరిగిన చొక్కాతోనే చైను కొన్న కొట్టుకి వెళ్ళి, "నాసిరకం లాకు అంటగట్టావు, నా ప్రాణం పోయేది" అని నలుగురిలో కొట్టాయన్ని తిట్టి వచ్చాడు. ఆయన ఎంత చెప్పినా వినలేదట.

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో బండి ఇంటికొచ్చింది. మెకానిక్ బాబాయి వచ్చి చూసి, "చైను తెగలేదురా, లాకు క్లిప్పు ఎగిరిపోయింది" అన్నాడు. కొత్త లాకు తెచ్చి నన్ను పిలిచి, "ఏరా, చేప తల ఎటు పెట్టాలి?" అనడిగాడు. "ముందుకి" అన్నాను. ఆయన ఏమీ అనకుండా చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, కింది వరస మీద వేలు పెట్టి, "ఇది ఎటు పోతోంది?" అన్నాడు. వెనక్కి పోతోంది. నా కడుపులో ఏదో జారినట్టయింది. బాబాయి నా మొహం చూశాడు, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయనకి అర్థమైందనే అనుకుంటాను. చెప్పే బాధ్యత నాదని ఊరుకున్నాడేమో.

రాత్రి అన్నాల దగ్గర నాన్న ఎడమచేత్తో తింటూ కొట్టాయన్ని ఇంకా తిడుతున్నాడు. అమ్మ కూడా తిట్టింది. నేను తల వంచుకొని తిన్నాను. మర్నాడు కూడా చెప్పలేదు. సెలవులైపోయి హాస్టలుకి వచ్చేశాను. నెల రోజులు నా మనసు మనసులో లేదు. చాలామంది, "ఏరా, ఇంటి మీద బెంగా?" అనడిగారు. బెంగ కాదు మిత్రులారా, భయం.

ఫిబ్రవరిలో రెండో ఆదివారం నాన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. ఏలూరులో బస్సు మారి, జంగారెడ్డిగూడెంలో ఇంకో బస్సు మారి, ఎండుచేపలు పొట్లం కట్టించుకొని వచ్చాడు. మణికట్టుకి ఇంకా గుడ్డ కట్టే ఉంది. గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాక చెప్పేశాను. కొడతాడనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "అయితే ఆ కొట్టాయన్ని అన్యాయంగా తిట్టానన్నమాట" అన్నాడు. చెయ్యి గురించి అనలేదు, అప్పు గురించి అనలేదు. "నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే ఆ రోజే వెళ్ళి దిద్దుకునేవాణ్ణి కదరా" అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

వేసవి సెలవుల్లో ఇద్దరం కలిసి గూడెం వెళ్ళాం. ఉల్లిపాయల లారీల మధ్య నుంచి దారి చేసుకొని ఆ కొట్టుకి చేరాం. నాన్న నన్ను ముందుకి తోసి, "చెప్పరా" అన్నాడు. చెప్పాను. కొట్టాయనకి బాగానే గుర్తుంది. "ఆ రోజు నా దగ్గరున్న ఇద్దరు బేరగాళ్ళు వెళ్ళిపోయారు తెలుసా?" అన్నాడు. నవ్వలేదు. నాన్న చేతులు జోడించి, "తప్పయిపోయిందండీ" అన్నాడు. మా నాన్న ఇంకొకరి ముందు చేతులు జోడించడం చూశాను, అదీ నా మూలంగా. కొట్టాయన కాసేపాగి, మేకుకి వేలాడుతున్న లాకు ఒకటి తీసి నా చేతికిచ్చి, "ఆ పాతది తీసి ఇది వెయ్యి, చూస్తాను" అన్నాడు. ఆయన చూస్తుండగా వేశాను, చక్రం తిప్పి చూసుకొని మరీ తల పెట్టాను. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు. లాకు డబ్బులు తీసుకున్నాడు. ఊరికే ఇచ్చి ఉంటే నాకు ఇంకా సిగ్గుగా ఉండేది.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు మాటలు. ఇవి బాబాయి దగ్గర, ఈసారి పూర్తిగా అడిగి నేర్చుకున్నవి.

మొదటిది, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకొని, గేరు న్యూట్రల్లో పెట్టి, పెద్ద స్టాండు వేయాలి. చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజను ఆన్ చేసి గేరులో తిప్పుతూ గుడ్డ పెట్టి తుడవడం కొందరికి అలవాటు. గుడ్డ చిక్కుకుంటే వేలు కూడా స్ప్రాకెట్లోకి పోతుంది. చైను మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం.

రెండోది, కిరసనాయిలుతో బ్రష్షు పెట్టి కడగాలి, పెట్రోలు వాడకూడదు, నిప్పు భయం. కడిగిన మురికి నూనెని చెరువులోకో వాగులోకో పారబోయొద్దు. మా వైపు అలా చేస్తే చేపకి వాసన పడుతుంది. మీ వైపు జల్లేరు, బైనేరు నీళ్ళు కిందివాళ్ళు తాగుతారు.

మూడోది, పాత ఇంజను ఆయిలు వద్దు. అందులో ఇంజనులో అరిగిన ఇనుప రజను ఉంటుంది. గ్రీజు పైన ముద్దలాగ ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది, లోపలికి పోదు. 90 నంబరు గేరు ఆయిలు మంచిది. కింది వరసలో చైను లోపలి వైపున, పట్టీల మధ్య సందుల్లో, చుక్క చుక్కగా వేస్తూ చక్రం తిప్పాలి. బండి నడిచేటప్పుడు నూనె బయటికి విసురుతుంది కాబట్టి లోపలి వైపు వేస్తే కీళ్ళ గుండా వెళుతుంది. రాత్రి ఇంటికొచ్చాక, చైను ఇంకా వెచ్చగా ఉండగా వేసి, తెల్లారి పైనున్న నూనె తుడిచెయ్యాలి. సుమారు 500 కిలోమీటర్లకి ఒకసారి, వానలో నీళ్ళలో తిరిగితే వెంటనే చెయ్యాలి.

నాలుగోది బిగువు. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మామూలు బండ్లకి 2 నుంచి 3 సెంటీమీటర్లు ఆడాలి, బండి పుస్తకంలో ఎంతని ఉంటే అంత. మరీ వదులైతే పళ్ళ మీంచి జారుతుంది. మరీ బిగిస్తే లోడు పడ్డప్పుడు ఇంకా బిగిసి బేరింగులు పోతాయి. బిగించేటప్పుడు రెండువైపులా గుర్తులు సమానంగా ఉండాలి, లేకపోతే చక్రం వంకరపోతుంది. తరవాత వెనక బ్రేకు కూడా చూసుకోవాలి.

అయిదోది చేప తల. చక్రం తిప్పి, చైను అక్కడ ఎటు వెళుతుందో కళ్ళతో చూసి అప్పుడే పెట్టండి.

మా ఊళ్ళో బండి లేదు కదా, మాకెందుకు అనుకోవద్దు. 2018లో మన రాష్ట్రం ఏజెన్సీల్లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో మోటారుసైకిలు అంబులెన్సులు మొదలుపెట్టారు. కారు వెళ్ళలేని దారిలో కాన్పు నొప్పుల మనిషిని కూర్చోబెట్టుకొని బండి కొండ దిగుతుంటే, ఆ రెండు ప్రాణాలూ ఎవరో ఒకరు శ్రద్ధగా వేసిన లాకు మీద ఉంటాయి. రేపు ఆ పని చేసేది మనలో ఒకరు కావచ్చు.

నేను నేర్చుకున్నది ఇంతే. సగం తెలిసినప్పుడు "నాకు వచ్చు" అనడం నా మొదటి తప్పు. అది మణికట్టు దగ్గర ఆగింది. చెప్పకుండా దాచడం రెండో తప్పు. అది ఏ పాపం తెలియని మనిషి కొట్టుదాకా వెళ్ళింది.

వార్డెన్ గారూ, మీరు అనుమతిస్తే వచ్చే ఆదివారం మీ బండి చైను నేనే శుభ్రం చేసి పెడతాను. మీ బండి చప్పుడు చెయ్యకుండా వస్తే తమ గతేంటని కొందరు మిత్రులు వద్దని బతిమాలుతున్నారు. వాళ్ళ పేర్లు రాయను. లాకు తియ్యవలసి వస్తే మాత్రం మీరు దగ్గరుండి చూస్తుండగానే వేస్తాను.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
10వ తరగతి